పార్టులు కొనే ముందు పని రాసుకున్నాం

(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక గ్రామ సంఘం తరఫున చదివిన ప్రసంగ పాఠం, 2024-25)



ప్రతి ఏడాదీ ఈ సభలో మేము పొదుపు ఎంత, అప్పు ఎంత, వసూలు ఎంత అని చదివి కూర్చునేవాళ్ళం. ఈసారి ఆ అంకెలు నివేదికలో వేరే పేజీలో ఉన్నాయి. ఒక్క అప్పు గురించి వివరంగా చెప్పమని సమాఖ్య వాళ్ళు అడిగారు. గేదెల అప్పు, కిరాణా కొట్టు అప్పు అందరికీ తెలిసినవే. ఇది కంప్యూటర్ అప్పు. అదీ కంపెనీ వాళ్ళు బిగించి పంపిన కంప్యూటర్ కాదండి. పార్టులు విడివిడిగా ఎంచుకుని, కొని తెచ్చి, ఇంట్లో బల్ల మీద పెట్టుకుని బిగించుకున్న కంప్యూటర్. ఈ అప్పు మంజూరు చేయడానికి మాకు రెండు నెలలు పట్టింది. మధ్యలో మాలో మేము గొడవ కూడా పడ్డాం. ఆ గొడవలో మేము నేర్చుకున్నదే మీకు చెబుతాం.

దరఖాస్తు వచ్చిన రోజు

2024 మే నెల సమావేశంలో మా సభ్యురాలు ఒకావిడ దరఖాస్తు పెట్టారు. వాళ్ళమ్మాయి డిగ్రీ అయ్యాక వీడియో ఎడిటింగ్ నేర్చుకుంది. రోజూ అమలాపురం వెళ్ళి ఒక స్టూడియోలో కూర్చుని పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసేది. ఒక పెళ్ళికి 1,500 రూపాయలు ఇచ్చేవారు. పని ఎక్కువైన రోజుల్లో ఆఖరి బస్సు పట్టుకుని వచ్చేది, ఆ బస్సు తప్పితే తండ్రి బండేసుకుని వెళ్ళి తెచ్చేవాడు. సొంత కంప్యూటర్ ఉంటే అదే పని ఇంట్లో చేసి పెళ్ళికి 4,000 తీసుకోవచ్చని ఆవిడ చెప్పారు.

దరఖాస్తుకు ఒక షాపు వాళ్ళు రాసిచ్చిన కొటేషన్ కాగితం పిన్ను చేసి ఉంది. పైన పెద్ద అక్షరాలతో ‘గేమింగ్ పీసీ, 78,000’ అని ఉంది. అది చదవగానే గది వేడెక్కింది. ‘ఆటల పెట్టెకి సంఘం డబ్బులేంటండీ?’ అని ఒకరు. ‘ఆవిడ కొడుకు ఇంటరు చదువుతున్నాడు, రోజంతా సెల్లులో ఆటలే, ఇది వాడి కోసమే’ అని ఇంకొకరు. ‘మూఢం నడుస్తోంది, ముహూర్తాలే లేవు, కిస్తీ ఎక్కడినుంచి కడతారు?’ అని మరొకరు.

ఆఖరి ప్రశ్న న్యాయమైనదే. ఆ ఏడాది ఏప్రిల్ చివర మొదలైన మూఢం వెళ్ళేసరికి ఆషాఢం వచ్చింది. శ్రావణం దాకా పెళ్ళి ముహూర్తాలు దాదాపు లేవు. మిగతా మాటల్లో మాత్రం మా తప్పు ఉంది. అదే సమావేశంలో ఇంకో సభ్యురాలి కొడుకు మోటారు సైకిల్ కోసం 70 వేలు పది నిమిషాల్లో తీర్మానం చేశాం. బండి ఎందుకు, దానిమీద ఎంత సంపాదిస్తాడు అని ఒక్కరూ అడగలేదు. ఆడపిల్ల పని కోసం అడిగితే మాత్రం వంద ప్రశ్నలు వేశాం. ఆ మాట మా బుక్ కీపరే లేచి అనేసింది. కాసేపు ఎవరం మాట్లాడలేదు.

ప్రశ్నలు అడగడం తప్పు కాదని, అందరినీ ఒకేలా అడగాలని అప్పుడు అనుకున్నాం. మాకు పాత దెబ్బ కూడా ఒకటి ఉంది. కొన్నేళ్ళ క్రితం కొబ్బరి పీచు తాళ్ళ మిషన్ కొన్నాం. మిషన్ వచ్చాక తెలిసింది, దానికి త్రీఫేజ్ కరెంటు కావాలని. మేము పెట్టిన షెడ్డులో ఉన్నది సింగిల్ ఫేజ్. ఆ మిషన్ చాలాకాలం గోనెపట్టా కప్పుకుని కూర్చుంది, కిస్తీలు మాత్రం మేము కట్టాం. పెట్టెలో ఏముందో తెలియకుండా సంతకం పెట్టకూడదన్న పాఠం మాకు ఆ మిషన్ నేర్పింది.

అందుకని దరఖాస్తును తోసెయ్యలేదు, మంజూరూ చెయ్యలేదు. ముగ్గురితో ఉపసంఘం వేశాం. ఆ ముగ్గురికీ కంప్యూటర్ తెలియదు. తెలిసేదాకా అమ్మాయినీ, వాళ్ళ తమ్ముడినీ అడగాలి, అర్థమయ్యాక తిరిగి సంఘానికి చెప్పాలి, ఇదే వాళ్ళ పని.

పని కాగితం

మొదట అమ్మాయిని పార్టుల పేర్లు చెప్పవద్దన్నాం. ఒక పెళ్ళి పని మొదటినుంచి చివరిదాకా చెప్పమన్నాం. ఆ అమ్మాయి చెబుతుంటే మేము రాసుకున్నాం. చివరికి మాకు పనికొచ్చిన కాగితం ఇదే.

పెళ్ళికి రెండు కెమెరాలు. మంచి నాణ్యతతో తీసే 4కె వీడియో సెకనుకు 100 మెగాబిట్లు రాసుకుంటుంది. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి సెకనుకు పన్నెండున్నర మెగాబైట్లు, నిమిషానికి 750 మెగాబైట్లు, గంటకు 45 జీబీ. రెండు కెమెరాలూ చెరో ఆరు గంటలు తీస్తే 540 జీబీ. ఈ లెక్క వేశాక షాపు కాగితం చూస్తే అందులో ఉన్నది 512 జీబీ ఎస్‌ఎస్‌డీ ఒక్కటే. ఒక్క పెళ్ళి కూడా పట్టదు! కంప్యూటర్ తెలియని మాకే ఆ తేడా కనపడింది.

ఆ కాగితంలో ఇంకేమున్నాయో అప్పుడు ఒక్కొక్కటే అడిగాం. ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు ఉంది. రంగురంగుల లైట్ల ఫ్యాన్లు ఆరు ఉన్నాయి. ర్యామ్ మాత్రం 8 జీబీయే. కరెంటు సరఫరా చేసే ఎస్‌ఎంపీఎస్‌కు కంపెనీ పేరే లేదు. యూపీఎస్ లేదు. బిల్లు వేస్తే 18 శాతం జీఎస్టీ అదనం అని కింద చిన్న అక్షరాలతో రాశారు. అంటే ఆ 78 వేలకు బిల్లు లేదు. బిల్లు లేకపోతే వారంటీ అడగడానికి నోరు ఉండదు, మన పుస్తకంలో రాయడానికి ఓచరూ ఉండదు.

పార్టులు మాకు అర్థమైన తీరు

ఇక్కడ కొంచెం నెమ్మదిగా చెబుతాం. రేపు మీ గ్రామ సంఘానికి ఇలాంటి దరఖాస్తు వస్తే పనికొస్తుంది.

ప్రాసెసర్ అంటే పని తెలిసిన మేస్త్రి. ఏ పని ముందు, ఏది తర్వాత అని చూసేది అదే. గ్రాఫిక్స్ కార్డు అంటే మన కొబ్బరి వలుపు వాళ్ళ ముఠా. మేస్త్రికి తెలిసినన్ని పనులు వాళ్ళకు రాకపోవచ్చు, కానీ ఒకే రకం చిన్న పనిని వందలమంది ఒక్కసారి చేస్తారు. తెరమీద లక్షల చుక్కలకు రంగు వేయడం అలాంటి పనే. ఆటల్లో ఆ పని ఎక్కువ కాబట్టి ఆటలాడేవాళ్ళు డబ్బంతా కార్డు మీద పెడతారు. ఎడిటింగులో కూడా రంగులు దిద్దేటప్పుడు, ఎఫెక్టులు పెట్టేటప్పుడు కార్డు కావాలి. కానీ వీడియో ముక్కలు కోసి అతికించే పనిలో మేస్త్రి, ర్యామ్, డిస్కు ఎక్కువ పనిచేస్తాయి.

ర్యామ్ అంటే వంటగట్టు. గట్టు ఇరుకైతే ఒక గిన్నె దించితే గానీ ఇంకో గిన్నె పెట్టలేం. 8 జీబీ గట్టు మీద 4కె పెళ్ళి వంట సాగదు. 16 అయితే సర్దుకుంటుంది, 32 అయితే హాయిగా ఉంటుంది. ఒకటే 32 పలక పెట్టేకన్నా 16 పలకలు రెండు పెడితే రాకపోకలకు రెండు దారులు ఉంటాయి, పని వేగం పెరుగుతుంది.

ఎస్‌ఎస్‌డీ అంటే వంటింటి అలమరా, చెయ్యి చాస్తే సరుకు అందుతుంది. హార్డ్ డిస్కు అంటే అటక. సరుకు దించడానికి టైము పడుతుంది గానీ తక్కువ డబ్బుకు ఎక్కువ పడుతుంది. ఇప్పుడు చేస్తున్న పెళ్ళి అలమరాలో, అయిపోయిన పెళ్ళి అటక మీద.

మదర్‌బోర్డు ఇల్లు లాంటిది. దానికి సరిపోయే ప్రాసెసరే కూర్చుంటుంది, దానికి సరిపోయే ర్యామే దిగుతుంది. డీడీఆర్4 ర్యామ్ డీడీఆర్5 బోర్డులో పట్టదు, గాడి వేరే చోట ఉంటుంది. ఒకే పేరుతో రెండు రకాల బోర్డులూ అమ్ముతారు కాబట్టి పెట్టె మీద చూసి తీసుకోవాలి.

మేము బాగా ఆలోచించింది ప్రాసెసర్ దగ్గర. తమ్ముడు ‘ఇంటెల్ ఐ5-12400ఎఫ్ తీసుకుందాం, తక్కువలో వస్తుంది’ అన్నాడు. అక్క ‘ఎఫ్ వద్దు’ అంది. రెండింటికీ ఆరు కోర్లే. తేడా ఏంటని అడిగాం. పేరు చివర ఎఫ్ ఉంటే అందులో సొంత గ్రాఫిక్స్ ఉండదు, విడిగా కార్డు పెట్టకపోతే తెరమీద బొమ్మే రాదు. ఎఫ్ లేని దానిలో చిన్న గ్రాఫిక్స్ లోపలే ఉంటుంది. ఇంటెల్ వాళ్ళు అందులోనే వీడియోను విప్పి చూపించే ప్రత్యేక భాగం కూడా పెట్టారు. సెల్లులోనూ, కొత్త కెమెరాల్లోనూ తీసిన వీడియో బాగా నొక్కి కట్టిన మూటలా ఉంటుందట. ఆ మూట విప్పే పని ఆ భాగం చూసుకుంటే మేస్త్రి చేతులు ఖాళీగా ఉంటాయి.

ఆ ఒక్క అక్షరం దగ్గర మా నిర్ణయం మలుపు తిరిగింది. ఎఫ్ లేనిది తీసుకుంటే గ్రాఫిక్స్ కార్డు ఇవాళే కొనక్కర్లేదు. పని మొదలుపెట్టి, సంపాదించి, ఆ డబ్బుతో కార్డు కొనుక్కోవచ్చు. మన సంఘాల్లో అప్పు కూడా ఇలాగే కదండీ మెట్లు మెట్లుగా ఇస్తాం. మొదట చిన్న లింకేజీ, అది కట్టాక పెద్దది. కంప్యూటర్‌ను కూడా అలాగే కట్టుకోవచ్చని మాకు ఆ రోజు తెలిసింది.

కరెంటు, పీచు దుమ్ము

పట్నం వాళ్ళు చెప్పే లిస్టుల్లో ఈ రెండూ ఆఖర్న ఉంటాయి. మన ఊళ్ళలో ముందు రాయాలి.

కరెంటు లెక్క మేమే వేశాం. ప్రాసెసర్ గట్టిగా పనిచేస్తే 117 వాట్లు. తర్వాత కొనాలనుకున్న ఆర్‌టీఎక్స్ 3060 కార్డు 170 వాట్లు. బోర్డు, డిస్కులు, ఫ్యాన్లు కలిపి ఇంకో 60 అనుకున్నా మొత్తం 350 దాటదు. 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ సరిపోతుంది, ముందుచూపుతో 650 తీసుకున్నాం. వాట్ల అంకె ఒక్కటే చూస్తే మోసపోతాం. పేరున్న కంపెనీది, ‘80 ప్లస్ బ్రాంజ్’ ముద్ర ఉన్నది తీసుకున్నాం. నాసిరకం ఎస్‌ఎంపీఎస్ కాలితే తనొక్కటే పోదు, బోర్డునూ డిస్కునూ తీసుకుపోవచ్చు.

యూపీఎస్ 1,000 వీఏది. అది పెట్టుకుని గంటలు గంటలు పనిచేయడానికి కాదు. కరెంటు పోతే పని సేవ్ చేసి, కంప్యూటర్ ఆపుకునేంత టైము ఇస్తే చాలు. ఇంట్లో ఎర్తింగ్ కూడా చూడమన్నాం. ఎర్తు లేని ప్లగ్గులో పెడితే కంప్యూటర్ డబ్బా ముట్టుకుంటే జిల్లుమంటుంది. వాళ్ళింట్లో అదే పరిస్థితి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తు వేయించాకే పార్టులు కొన్నారు. మాకు త్రీఫేజ్ మిషన్ గుర్తుంది కదా!

ఇక దుమ్ము. మన మండలంలో ఏ వీధికి వెళ్ళినా కొబ్బరి డొక్కలు, పీచు. వాళ్ళింటికి రెండిళ్ళ అవతల పీచు యూనిట్ ఉంది. ఆ నలుసు ఫ్యాన్లలో చేరితే వేడి బయటికి పోదు. అందుకని అద్దాల డబ్బా మానేసి, ముందు జాలీ ఉన్నది, ఊడదీసి కడుక్కునే ఫిల్టర్ ఉన్నది ఎంచుకున్నాం. లైట్లు లేవు. పదిహేను రోజులకోసారి ఫిల్టర్ తీసి దులుపుతారు. నేల మీద పెట్టకుండా బల్ల మీద పెట్టారు, వానాకాలం వాకిట్లోకి నీళ్ళు వచ్చే ఇల్లు అది.

మూడు కొటేషన్లు, ఒక బిల్లు

సంఘానికి ఏ సరుకు కొన్నా మూడు కొటేషన్లు తీసుకుంటాం కదా, దీనికీ అంతే. అమలాపురంలో ఒకటి, రాజమండ్రిలో ఒకటి, విజయవాడలో ఒకటి తీసుకున్నాం. సికింద్రాబాద్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ అని కంప్యూటర్ పార్టులకు పేరున్న చోటు ఉంది. అక్కడ తక్కువకు వస్తాయని తమ్ముడు అన్నాడు. నిజమే కావచ్చు. కానీ ఏదైనా పాడైతే వారంటీకి పట్టుకుని అంత దూరం వెళ్ళాలి. వెళ్ళిరాగల దూరంలో ఉన్న షాపునే ఎంచుకున్నాం. ఒకరు వాడిన పాత కార్డు సగం ధరకు ఇస్తామన్నారు. 2022 సెప్టెంబరులో ఎథీరియం అనే డిజిటల్ నాణెం తవ్వే పద్ధతి మారిపోయాక, దానికోసం రాత్రింబవళ్ళు నడిపిన కార్డులు చాలా పాత సామాను కింద బజారుకు వచ్చాయట. చరిత్ర తెలియని గేదెను కొనం, ఇదీ వద్దన్నాం.

మా బిల్లు ఇలా వచ్చింది. ధరలు వారం వారం మారతాయి, ఈ అంకెలు మాకు 2024 జులైలో పడినవి. ప్రాసెసర్ 14,000. బోర్డు 10,500. ర్యామ్ 32 జీబీ 6,500. ఎస్‌ఎస్‌డీ 1 టీబీ 6,000. హార్డ్ డిస్కు 4 టీబీ 9,000. ఎస్‌ఎంపీఎస్ 5,000. డబ్బా 4,000. మానిటర్ 10,500. యూపీఎస్ 5,500. కీబోర్డు, మౌసు 1,000. మొత్తం 72,000 రూపాయలు, పన్నుతో కలిపి, బిల్లుతో.

మానిటర్ దగ్గర అక్కాతమ్ముళ్ళకు పేచీ వచ్చింది. తమ్ముడికి సెకనుకు 144 సార్లు మారే తెర కావాలి, ఆటలో కదలిక నున్నగా ఉంటుందట. అక్కకు రంగు నిజంగా కనిపించే తెర కావాలి. ‘పెళ్ళికూతురు కట్టుకున్న కుంకుమరంగు చీర నా తెరమీద నారింజరంగులో కనపడితే, నేను దిద్దిన వీడియో వాళ్ళ టీవీలో ఇంకోలా ఉంటుంది’ అంది. పక్కనుంచి చూసినా రంగు మారని ఐపీఎస్ రకం తెర తీసుకున్నాం. అప్పు తీర్చేది ఎవరి పనో వాళ్ళ మాటే నెగ్గాలి కదండీ.

అప్పు లెక్క ఇది. ఆవిడ సొంతంగా 22,000 వేసుకున్నారు. స్త్రీనిధి నుంచి 50,000, 24 నెలలు. అసలే నెలకు 2,083 పడుతుంది, వడ్డీతో కలిపి 2,350 అనుకున్నాం. మూఢంలో, ఆషాఢంలో, పుష్యంలో రాబడి ఉండదు కాబట్టి, ముహూర్తాల నెలల్లో రెండు కిస్తీల డబ్బు ఎప్పుడూ పక్కన పెట్టాలని తీర్మానంలోనే రాశాం. బిల్లు సభ్యురాలి పేరు మీద, కంప్యూటర్ మీద పని హక్కు అమ్మాయిది అని కూడా రాశాం. ఆవిడ భర్త మొదట నవ్వాడు, ‘ఇదంతా రాయాలా అండీ’ అని. రాయాలి అన్నాం. మోటారు సైకిల్ అప్పుకు కూడా తర్వాతి నెల ఇలాగే కాగితం రాయించాం.

బిగించిన రోజు

జులై ఆఖరి ఆదివారం బిగించారు. ఉపసంఘం ముగ్గురం వెళ్ళాం, మాతోపాటు వీధి సగం వచ్చింది. తమ్ముడు వీడియోలు చూసి నేర్చుకున్నాడు, చెయ్యి నిదానం. ప్రాసెసర్ కూర్చోబెట్టే చోట బోర్డు మీద సన్నని పిన్నులుంటాయి, వేలు తగిలితే వంగిపోతాయి. అది పెట్టేటప్పుడు అందర్నీ మాట్లాడొద్దన్నాడు. పైన ఫ్యాను కింద పేస్టు ముందే రాసి ఉంది, అది చెరపకూడదట.

అన్నీ బిగించి స్విచ్చి వేశాడు. ఫ్యాన్లు తిరిగాయి. తెర నల్లగానే ఉంది. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. 72 వేలండీ! ఆవిడ ముఖం చూడలేకపోయాం. ‘కంపెనీది కొంటే ఈ బాధ ఉండేది కాదు’ అని వెనకనుంచి ఒక గొంతు. ఆ పిల్లాడికి చెమటలు పట్టాయి. అక్క వచ్చి, కరెంటు తీయించి, ర్యామ్ పలకలు రెండూ తీసి మళ్ళీ పెట్టి బొటనవేళ్ళతో గట్టిగా నొక్కింది. టిక్కుమని శబ్దం వచ్చింది. మొదటిసారి ఆ శబ్దం రాలేదని అప్పుడు గుర్తొచ్చింది మాకు. మళ్ళీ స్విచ్చి వేస్తే తెర వెలిగింది. ఆవిడ కళ్ళు తుడుచుకుని అందరికీ టీ పెట్టారు.

కంపెనీ కంప్యూటర్ కొనడం తప్పని మేము అనడం లేదు. బిగించుకునే ఓపిక, నేర్పు ఇంట్లో లేకపోతే అదే మంచిది, లేదా షాపు వాళ్ళ చేతే బిగించి పరీక్షించి ఇమ్మనాలి. కానీ ఏ పార్టు ఏంటో తెలిసి కొంటే, పాడైనప్పుడు ఆ ఒక్క పార్టే మార్చుకోవచ్చు. పెంచుకోవాలన్నా ఆ ఒక్కటే పెంచుకోవచ్చు.

తర్వాత జరిగింది

ఆగస్టులో శ్రావణం ముహూర్తాలతో పని మొదలైంది. కార్డు లేని ఆ ఐదు నెలలూ సులువుగా సాగలేదు. ముక్కలు కోసి అతికించే పని బాగానే నడిచింది. పెద్ద వీడియోలకు తేలిక నకళ్ళు చేసుకుని, వాటి మీద పనిచేసి, చివర్లో అసలు వీడియో జతచేసేది. రంగుల దిద్దుబాటు మాత్రం ఈడ్చుకుంటూ నడిచేది. చివరి ఫైలు తయారవడానికి రాత్రి పెట్టి పడుకునేది. డావిన్చీ రిజాల్వ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, దానిమీదే చేసింది. దొంగ సాఫ్ట్‌వేర్ పెట్టవద్దని మేము ముందే చెప్పాం. దాంతో వైరస్ వచ్చి ఒకరి పెళ్ళి పోతే, ఆ పెళ్ళి మళ్ళీ చేయించలేం కదా. అదే భయంతో ఇంకో నియమం పెట్టుకుంది. వీడియో రెండు చోట్ల ఉండాలి. పెన్‌డ్రైవు పెళ్ళివారి చేతికి వెళ్ళి, వాళ్ళు చూసి సరే అనేదాకా కెమెరా కార్డు చెరపదు.

డిసెంబరు ఆఖరుకు 11 పెళ్ళిళ్ళు, 3 ఓణీల ఫంక్షన్లు చేసింది. పెళ్ళికి 4,000, ఓణీలకు 2,000 చొప్పున 50,000 వచ్చాయి. నాలుగు కిస్తీలకు 9,400. కరెంటు, నెట్టు, పెన్‌డ్రైవులు, ఇంటి ఖర్చుకు ఇచ్చింది కలిపి 15,000. మిగిలింది 25,600. సంక్రాంతికి ముందు అందులో 25,000 పెట్టి 12 జీబీ మెమరీ ఉన్న ఆర్‌టీఎక్స్ 3060 కార్డు కొన్నారు. ఈ కార్డుకు అప్పు లేదు.

కార్డు పెట్టిన రోజు కూడా తెర నల్లబడింది, ఈసారి ఎవరూ కంగారు పడలేదు. మానిటర్ వైరు పాత అలవాటుగా బోర్డుకు పెట్టారు, కార్డుకు మార్చగానే వెలిగింది. జనవరి 15న కనుమ. జగ్గన్నతోటలో ప్రభల తీర్థం ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. పదకొండు ఊళ్ళ రుద్రులు చేరే తోట, జనం, బాణసంచా, కాలువ దాటే ప్రభలు. ఆ వీడియో మూడు రోజుల్లో తయారు చేసిచ్చింది. కార్డు లేకుండా అయితే వారం పట్టేదని అంది. పెళ్ళిళ్ళు లేని పుష్యంలో కిస్తీ ఆ వీడియో డబ్బుతోనే కట్టింది, పక్కన పెట్టిన డబ్బు ముట్టుకోలేదు.

మార్చి నాటికి 7 కిస్తీలు, ఒక్కటీ ఆలస్యం లేదు. ఇక తమ్ముడి ఆటల సంగతి అడుగుతారు. ఆడుతున్నాడండి. కార్డు వచ్చాక ఆటలు బాగా నడుస్తున్నాయట. అక్క పని లేని సాయంత్రాలు ఒక గంట అని వాళ్ళే ఒప్పందం చేసుకున్నారు. పార్టులు వెతికింది, బిగించింది వాడే. ఆ గంట వాడికి కూలి కింద ఇచ్చామనుకుంటాం. ‘ఆటల పెట్టె’ అన్న మా పెద్దక్కే మొన్న తన మనవరాలిని ఎడిటింగ్ నేర్పమని ఆ ఇంటికి పంపారు.

మిగతా సంఘాలకు మా మాట

ఇలాంటి దరఖాస్తు వస్తే ఈ ఆరు ప్రశ్నలు అడగండి. అమ్మాయైనా అబ్బాయైనా ఇవే ప్రశ్నలు.

1. దీనిమీద చేసే పని ఏంటి? ఒక పని మొదటినుంచి చివరిదాకా కాగితం మీద రాయించండి.

2. ఆ పనికి నెలకు ఎంత వస్తుంది? ముహూర్తాలు లేని నెలల్లో కిస్తీ ఎలా కడతారు?

3. ఇవాళే కావాల్సిన పార్టు ఏది, సంపాదించాక కొనుక్కోదగ్గది ఏది?

4. ఇంట్లో ఎర్తింగ్ ఉందా? యూపీఎస్, పేరున్న ఎస్‌ఎంపీఎస్ లిస్టులో ఉన్నాయా?

5. మూడు కొటేషన్లు తెచ్చారా? పార్టుల సీరియల్ నంబర్లతో, జీఎస్టీతో బిల్లు ఇస్తారా?

6. బిల్లు ఎవరి పేరు మీద? పని చేసేది ఎవరు?

కంప్యూటర్ గురించి మాకు ఇప్పటికీ పెద్దగా తెలియదు. సంతకం పెట్టే ముందు ఏం అడగాలో మాత్రం తెలిసింది. ఆ అమ్మాయి ఇప్పుడు ఆఖరి బస్సు కోసం ఎదురుచూడటం లేదు. సమాఖ్య ఈ ఏడాది కార్యక్రమాల వీడియో కూడా తనే చేసింది. భోజనాల తర్వాత ఈ హాల్లోనే వేస్తారు, చూసి వెళ్ళండి. ఆ పని కాగితం నకలు కావాల్సిన గ్రామ సంఘాలు మా బుక్ కీపర్‌ని అడగండి, ఇస్తుంది.